‘తప్ప’ అనే మాట



ఆకాశవాణిలో ఈ ప్రసంగానికి ఒప్పుకున్నానని తెలిసి మా ఆడపడుచు ఫోన్ చేసింది. “ఇంకేం వదినా, నీ దగ్గరికొచ్చే వాళ్ల కథలన్నీ చెబుతావన్నమాట. రేడియో పెట్టుకుని కూర్చుంటా” అంది. ఆవిడకి నిరాశ తప్పదు. నా గదిలోకి వచ్చి కూర్చున్న మనిషి కథ ఇవాళ ఒక్కటి కూడా చెప్పను. పేరు మార్చి, ఊరు మార్చి చెప్పడం కూడా నాకు ఇష్టం ఉండదు. పేరు మార్చినా గొంతు గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. మన ఊళ్లు అంత పెద్దవి కావు.

అయితే ఒక్క వాక్యం చెప్పవచ్చు. అది ఎవరో ఒకరిది కాదు, అందరిదీ. కౌన్సెలింగ్‌కి వచ్చిన ప్రతి మనిషీ మొదటిరోజు ఏదో ఒక రూపంలో అడిగే ప్రశ్న. “మేడమ్, ఇది మీ దగ్గరే ఉంటుంది కదా?” కొందరు నోటితో అడుగుతారు. కొందరు తలుపు వంక చూసి అడుగుతారు, గడియ పడిందా లేదా అని.

నా జవాబు: “నా దగ్గరే ఉంటుంది. ఒకటి రెండు సందర్భాల్లో తప్ప.”

ఆ చివరి ‘తప్ప’ గురించే ఇవాళ్టి మాటలు. ఎదుటి మనిషి ‘ఫలానావాణ్ని చంపాలనిపిస్తోంది’ అన్నప్పుడు, విన్నవాళ్లు ఏం చెయ్యాలి? నోరు కట్టుకుని కూర్చోవాలా? పరిగెత్తి చెప్పాలా? చెబితే ఎవరికి?

ఈ ప్రశ్న ప్రపంచానికి గట్టిగా తగిలింది ఒక కేసుతో. అమెరికాలో మనోవైద్యం చదివే పిల్లలకి దాని పేరు మొదటి సంవత్సరంలోనే నోటికొస్తుంది: తారసాఫ్ కేసు. అందులో ఒక కొస మన దేశంలో ఉంది. అందుకని కాస్త నింపాదిగా చెబుతాను. కోర్టు రికార్డుల్లో ఉన్నదే చెబుతాను.

1967 సెప్టెంబరులో బెంగాల్ నుంచి ఒక కుర్రాడు పై చదువుకి కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీకి వెళ్లాడు. సమాజం అంటరానివాళ్లంటూ తోసిపెట్టిన కులంలో పుట్టి, అక్కడిదాకా ఎదిగినవాడు. ఓడల నిర్మాణం అతని చదువు. విదేశీ విద్యార్థులుండే ఇంటర్నేషనల్ హౌస్‌లో మకాం. అక్కడ జానపద నృత్యాలు నేర్పే తరగతులు జరిగేవి. 1968 చివర్లో ఆ తరగతుల్లో ఒక అమ్మాయి పరిచయమైంది. తత్యానా తారసాఫ్. వారానికోసారి కలుసుకునేవారు. డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరం సంబరంలో, ఆ అమ్మాయి అతన్ని ముద్దు పెట్టుకుంది.

ఆ దేశంలో ఆ రాత్రి ఆ ముద్దుకి పెద్ద అర్థమేమీ ఉండదు. మనం ఉగాదినాడు చేతిలో పచ్చడి పెట్టినట్టు. అతను మాత్రం దాన్ని జీవితకాలపు మాటగా తీసుకున్నాడు. తనకి అలాంటి ఉద్దేశం లేదనీ, వేరే స్నేహాలున్నాయనీ ఆ అమ్మాయి స్పష్టంగానే చెప్పింది. అతను కుంగిపోయాడు. చదువు, స్నానం, తిండి పట్టించుకోలేదు, ఒంటరిగా కూర్చుని ఏడ్చేవాడు. ఆమె మాటల్ని టేపురికార్డర్లో పట్టుకుని మళ్లీ మళ్లీ వినేవాడు, నన్నెందుకు ప్రేమించలేదో ఇందులో ఎక్కడైనా ఉందా అని వెతుక్కుంటూ.

ఈ టేపుల సంగతి చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఇవాళైతే అది వాట్సాప్ స్క్రీన్‌షాట్లు. పరాయి దేశంలో, పరాయి భాషలో, ఒకరి మర్యాదని ప్రేమనుకునీ, ఒకరి ‘వద్దు’ని ‘ఇంకొంచెం ఆగు’ అనుకునీ కూలిపోయే కుర్రాళ్లు మన తెలుగు ఇళ్లలోనూ ఉన్నారు. ఇది అతన్ని వెనకేసుకురావడం కాదు. వద్దన్నాక వద్దనే. ఆ మాట వినలేకపోవడం ఎంతదూరం వెళ్లిందో చెబుతున్నాను.

1969 వేసవిలో ఆ అమ్మాయి దక్షిణ అమెరికా వెళ్లింది. అతను కాస్త తేరుకున్నాడు. ఒక స్నేహితుడు చెబితే యూనివర్సిటీ ఆస్పత్రిలో సైకాలజిస్టు దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. గమనించండి, తనంతట తానే వెళ్లాడు. ఆగస్టు 20న ఆ గదిలో అన్నాడు: ఆమె తిరిగొచ్చాక చంపుతాను. పేరు చెప్పలేదు, కానీ ఎవరో తెలుసుకోవడం కష్టం కాదు.

సైకాలజిస్టు ఊరుకోలేదు. పై డాక్టర్లతో మాట్లాడి, యూనివర్సిటీ పోలీసులకి చెప్పాడు, ఉత్తరం కూడా రాశాడు. ఇతనికి తీవ్రమైన మానసిక జబ్బుంది, ప్రమాదకరం, ఆస్పత్రిలో పెట్టాలి. ఆ ఉత్తరంలో ఇంకో మాట కూడా ఉంది. ఇతను ఒకప్పుడు పూర్తి తెలివితో మాట్లాడతాడు, ఒకప్పుడు పూర్తిగా మతి తప్పి ఉంటాడు అని. పోలీసులు వెళ్లి పట్టుకున్నారు. ఆ పూట తెలివిగా మాట్లాడే పూట. బాగానే ఉన్నాడనుకున్నారు. ఆ అమ్మాయి జోలికి వెళ్లనని మాట తీసుకుని వదిలేశారు. ఆ తర్వాత మనోవైద్య విభాగాధిపతి ఆ ఉత్తరాన్ని పోలీసుల దగ్గర్నుంచి వెనక్కి తెప్పించుకున్నాడు. నకళ్లు, సైకాలజిస్టు రాసుకున్న నోట్సు నాశనం చెయ్యమన్నాడు. ఆస్పత్రిలో చేర్చే ప్రయత్నమేదీ వద్దన్నాడు.

ఆ కుర్రాడు ఈలోగా ఒక పని చేశాడు. ఆ అమ్మాయి సోదరుణ్ని ఒప్పించి, ఆమె ఇంటికి దగ్గర్లోనే అతనితో కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో దిగాడు. ఆ సోదరుడికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆమె తిరిగొచ్చింది. అతను సైకాలజిస్టు గది గుమ్మం తొక్కడం మానేశాడు. అక్టోబరు 27న ఆమె ఇంటికి వెళ్లాడు. ఆమె లేదు, తల్లి పొమ్మంది. మళ్లీ వెళ్లాడు, పెల్లెట్ గన్, వంటింటి కత్తి పట్టుకుని. ఆమె ఒంటరిగా ఉంది. మాట్లాడనంది. కేక పెట్టింది. తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. పోలీసులకి ఫోన్ చేసింది అతనే.

తల్లిదండ్రులు యూనివర్సిటీ మీద దావా వేశారు. మా అమ్మాయికి ఎందుకు చెప్పలేదు అని. ఆ ప్రశ్న కాలిఫోర్నియా సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1974లో కోర్టు, ప్రమాదంలో ఉన్న మనిషిని హెచ్చరించాల్సిన బాధ్యత ఉందని చెప్పింది. మనోవైద్యుల సంఘాలు గగ్గోలు పెట్టాయి. ఎవరు నిజంగా హింసకి దిగుతారో ముందే చెప్పే విద్య మా దగ్గర లేదు మహాప్రభో అన్నాయి. కోర్టు మళ్లీ విచారించి 1976 జులై 1న రెండో తీర్పిచ్చింది. ఈసారి మాట కొంచెం మారింది. హెచ్చరించడం ఒక్కటే కాదు, కాపాడటం బాధ్యత. హెచ్చరిక అందులో ఒక దారి. తీర్పు రాసిన జస్టిస్ మాథ్యూ టోబ్రినర్ మాటల సారాంశం ఇదీ: రోగి రహస్యానికిచ్చే రక్షణ, జనం ప్రాణం మీదికి వచ్చిన చోట ఆగిపోతుంది.

జస్టిస్ క్లార్క్ ఒప్పుకోలేదు. ఆయన వాదన కొట్టిపారేసేది కాదు. రహస్యం నిలవదని తెలిస్తే, అసలు సాయం అవసరమైనవాడు రాడు. వచ్చినా నోరు విప్పడు. చికిత్స జరగదు. అప్పుడు ప్రమాదం తగ్గుతుందా, పెరుగుతుందా?

ఇంతకీ ఆ కుర్రాడి క్రిమినల్ కేసు ఏమైందంటారా? హత్య కింద శిక్ష పడింది. జ్యూరీకి చెప్పాల్సినట్టు చెప్పలేదని 1974లో పైకోర్టు శిక్ష కొట్టేసింది. మళ్లీ విచారణ జరగలేదు, అతను ఇండియా తిరిగొచ్చాడు. తల్లిదండ్రుల దావా కోర్టు బయట రాజీతో ముగిసింది.

ఈ కేసు చెప్పేవాళ్లందరూ దీన్ని ‘చెప్పాలా, దాచాలా’ అన్న తగువుగా చెబుతారు. నేను కూడా చాలాకాలం అలాగే చెప్పాను. ఒకసారి పిల్లలకి పాఠం చెబుతూ ఉంటే ఒక అమ్మాయి అడిగింది: “మేడమ్, ఆయన చెప్పాడు కదా?” నిజమే. చెప్పాడు. ఆ రహస్యం ఆగస్టులోనే గది దాటింది. సైకాలజిస్టుకి తెలుసు, సైకియాట్రిస్టులకి తెలుసు, పోలీసులకి తెలుసు. తెలియనిది నలుగురికే. ఆ అమ్మాయికి, ఆమె తల్లిదండ్రులకి, అతనితో ఒకే కప్పు కింద ఉంటున్న ఆమె సోదరుడికి. రహస్యం బయటపడింది, కానీ వెళ్లాల్సిన ఇంటికి వెళ్లలేదు. పైగా అతను మనసు విప్పే చోటు అదొక్కటే ఉండేది, అదీ మూతపడింది. రెండు రకాలా నష్టమే.

అప్పట్నుంచి నాకు ‘చెప్పాలా వద్దా’ అన్నది సగం ప్రశ్నగానే అనిపిస్తుంది. ఎవరికి, ఎంత, చెప్పాక రోగిని ఎవరు పట్టుకుని ఉంటారు, ఇవి మిగతా సగం.

దీనికి ఎదురుగా ఇంకో సంగతి పెడతారు జనం. 2015 మార్చి 24. బార్సిలోనా నుంచి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్తున్న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలట్ కావాలనే ఆల్ప్స్ కొండలకి కొట్టించాడు. 150 మంది పోయారు. అతను పనికి వెళ్లే స్థితిలో లేడని డాక్టర్లు చీటీలు రాసిచ్చారు. అతను వాటిని కంపెనీకి చూపలేదు. రోగి రహస్యం కారణం లేకుండా బయటపెడితే జర్మనీలో డాక్టరు మీద క్రిమినల్ కేసవుతుంది. ప్రజల ప్రాణాలకి ముప్పున్నప్పుడు డాక్టరు ఎప్పుడు నోరు విప్పవచ్చో స్పష్టంగా నియమాలుండాలని దర్యాప్తు చేసిన ఫ్రెంచి సంస్థ సూచించింది. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ముందే రాసిపెట్టి ఉంటే, ఆ చీటీ రోగి జేబులో ఆగిపోయేది కాదేమో.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. అక్కడ మన డాక్టర్లూ చాలామందే, మన పిల్లలూ చాలామందే. తారసాఫ్ దేశమంతటికీ చట్టం కాదు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. కాలిఫోర్నియాలో 1985లో చట్టం చేసి హద్దు గీశారు. రోగి, ఫలానా అని గుర్తుపట్టగలిగిన మనిషిని శారీరకంగా హింసిస్తానని తీవ్రంగా బెదిరించాలి. అప్పుడు చికిత్సకుడు ఆ మనిషికీ, పోలీసులకీ తెలియజేయడానికి తగిన ప్రయత్నం చేస్తే బాధ్యత తీరినట్టే. ‘ఆ మనిషికీ, పోలీసులకీ.’ ఆ రెండు దీర్ఘాల్లో బర్క్‌లీ అమ్మాయి ఉంది.

టెక్సాస్ అలా కాదు. డల్లాస్‌లో, హ్యూస్టన్‌లో ఉన్న తెలుగువాళ్లకి ఇది తెలిసి ఉండటం మంచిది. 1999లో అక్కడి సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన కేసులో, సవతి తండ్రిని చంపాలన్న ఆలోచన వచ్చిందని ఒక రోగి తన సైకియాట్రిస్టుకి చెప్పాడు. ఆ పని చెయ్యకూడదనుకున్నాననీ, కానీ అలా అనిపిస్తోందనీ కూడా అన్నాడు. ఆమె నోట్సులో రాసుకుంది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన నెలలోపే అతను ఆయన్ని కాల్చేశాడు. అయినా ఆ కుటుంబాన్ని హెచ్చరించాల్సిన బాధ్యత డాక్టరుకి లేదని కోర్టు తేల్చింది. అక్కడి చట్టం పోలీసులకో, వైద్య సిబ్బందికో చెప్పడానికి వీలిస్తుంది, అంతే.

‘చెయ్యను, కానీ అనిపిస్తోంది.’ మా వృత్తిలో అన్నిటికంటే బరువైన వాక్యం ఇదే. దీని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు మన దేశం సంగతి.

వైద్యుడి నోటికి తాళం మనకి కొత్త కాదు. చరక సంహితలో, వైద్యం నేర్చుకునే శిష్యుడి చేత గురువు చేయించే ప్రమాణాల్లో, రోగి ఇంట్లో చూసిన సంగతులు బయట చెప్పకూడదన్నది ఒకటి. ఇప్పటి చట్టం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. అందులో 23వ సెక్షన్. మానసిక వ్యాధి ఉన్న మనిషికి తన సంగతులు గోప్యంగా ఉండే హక్కుంది, వైద్యం చేసేవాళ్లకి దాచే బాధ్యత ఉంది. తర్వాత మినహాయింపులు. ఇంకో మనిషిని హాని నుంచి, హింస నుంచి కాపాడటానికి అవసరమైతే చెప్పవచ్చు. ఆ వెంటనే ఇంకో కళ్లెం: ఆ హాని నుంచి కాపాడటానికి ఎంత అవసరమో అంతే చెప్పాలి.

నాకు ఆ చట్టంలో బాగా నచ్చిన వాక్యం అదే. ‘అంతే’ చెప్పాలి. అంటే, ‘మీకు ఫలానా మనిషి నుంచి ప్రమాదం ఉంది, జాగ్రత్తగా ఉండండి’ అనవచ్చు. అతని చిన్నతనంలో వాళ్ల నాన్న ఏం చేశాడో, ఏ మందులు వాడుతున్నాడో, రాత్రిళ్లు ఏ కలలు కంటున్నాడో, అవేవీ గది దాటకూడదు.

ఇంకో సంగతి చూడండి. 23వ సెక్షన్ ‘చెప్పవచ్చు’ అంటుంది, ‘చెప్పి తీరాలి’ అనదు. అయితే క్రిమినల్ చట్టంలో వేరే నిబంధన ఉంది. పాత సీఆర్‌పీసీలో 39వ సెక్షన్, 2024 జులై నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 33వ సెక్షన్. హత్యలాంటి కొన్ని పెద్ద నేరాలు చెయ్యాలన్న ఉద్దేశం ఇంకొకరికి ఉందని తెలిసిన ఏ మనిషైనా, సరైన కారణం లేకపోతే, దగ్గర్లోని పోలీసు అధికారికో మేజిస్ట్రేటుకో తెలియజేయాలి. ఇది డాక్టర్లకే కాదు. పొలం గట్టు మీద విన్న పాలేరుకీ వర్తిస్తుంది, పెళ్లి పందిట్లో విన్న మేనమామకీ వర్తిస్తుంది.

అక్కడ చట్టం వాడిన మాట ‘ఉద్దేశం’. ‘ఆలోచన’ కాదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే మా పనంతా. ‘చెయ్యను, కానీ అనిపిస్తోంది’ అన్న వాక్యం నిలబడేదీ అక్కడే.

మన భాషే తీసుకోండి. తెలుగు ఇళ్లలో పొద్దున లేచింది మొదలు ఎన్ని హత్యాబెదిరింపులు నడుస్తాయో లెక్కపెట్టారా? “బడికి తెములుతావా, వీపు చీరెయ్యనా?” “కాళ్లు విరగ్గొడతా.” “చంపేస్తా వెధవా, అన్నం తిను.” ఆ మాట అన్న చేత్తోనే ముద్ద కలిపి పెడుతుంది తల్లి. ఈ మాటలన్నీ పోలీసులకి రాసి పంపితే స్టేషన్లు చాలవు. ‘చంపేస్తా’ అన్నది తెలుగులో ఎక్కువసార్లు విసుగు, కొన్నిసార్లు ముద్దు, ఎప్పుడో ఒకసారి మాత్రమే నిజం. ఆ ఒక్కసారిని పట్టుకోవడమే చెవికి రావాల్సిన చదువు.

ఇక బయటకి అనని మాటలు. 1978లో లండన్‌లో రాక్‌మన్ అనే ఆయనా, శ్రీలంక నుంచి వెళ్లిన పద్మల్ డిసిల్వా అనే ఆయనా కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్ని అడిగారు, మీకు అక్కర్లేని పాడు ఆలోచనలు వాటంతటవే వస్తాయా అని. ఐదుగురిలో దాదాపు నలుగురు వస్తాయన్నారు. వాటిలో ఎవరినో కొట్టాలనీ, హాని చెయ్యాలనీ అనిపించేవి ఉన్నాయి. మెట్ల మీద ముందు నడుస్తున్న మనిషిని తోసేస్తే ఏమవుతుందో అని మీకెప్పుడూ అనిపించలేదా? అనిపించినా చెప్పకండి, పక్కన ఎవరో ఉండి ఉంటారు.

చాలామందికి ఆ ఆలోచన ఈగలా వచ్చి పోతుంది. కొందరికి పోదు. బాలింతల్నే తీసుకోండి. ఇది ఒకరి కథ కాదు, ప్రతి ఊళ్లో ఉన్నదే. పసిబిడ్డని ఎత్తుకుని బాల్కనీలోకి రాగానే ‘కిందికి పడేస్తానేమో’ అనిపిస్తుంది. కూర తరుగుతుంటే కత్తి చూసి గుండె జల్లుమంటుంది. కత్తిపీట అటక మీద పెట్టించేస్తుంది. బిడ్డకి నీళ్లు పొయ్యడం అత్తగారికి వదిలేస్తుంది. ఎవరికీ చెప్పదు. చెబితే బిడ్డని లాక్కుంటారు, పుట్టింటికి పంపేస్తారు, ‘ఎర్రగడ్డ కేసు’ అంటారు. హైదరాబాదులో ఆ మాట ఎంత సులువుగా నోట్లోంచి ఊడిపడుతుందో మీకు తెలుసు. ఎర్రగడ్డలో ఉన్నది మానసిక రోగం తగ్గించే ఆస్పత్రి. మనం దాన్ని తిట్టుగా మార్చుకున్నాం.

ఈ తల్లి ప్రమాదకరమైన మనిషి కాదు. ఆ ఆలోచన తన మనసుకి గిట్టనిది కాబట్టే అంత హడలిపోతోంది. దీన్ని ఓసీడీ అంటారు, చికిత్స ఉంది, తగ్గుతుంది. ఈమె గురించి పోలీసులకో, అత్తగారికో ‘జాగ్రత్త’ అని చెప్పే కౌన్సెలర్ ఉంటే, ఆ కౌన్సెలర్ ఒక మంచి తల్లిని బతికుండగానే పాతిపెట్టినట్టు.

కానీ దీనికి పక్కనే ఇంకోటి ఉంది. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, ప్రసవానంతర సైకోసిస్ అనే తీవ్రమైన జబ్బు రావచ్చు. అప్పుడు తల్లి భయపడకపోవచ్చు. ‘ఇది నా బిడ్డ కాదు, ఏదో ఆవహించింది, నాకు ఆజ్ఞ వచ్చింది’ అని స్థిరంగా నమ్ముతుంది. అది అత్యవసరం. ఆ గంటే ఆస్పత్రి. పైకి రెండూ ఒకే వాక్యంలా వినిపిస్తాయి, ‘బిడ్డకి ఏమన్నా చేస్తానేమో’ అని. ఒకటి భయం, ఒకటి నమ్మకం. ఈ తేడా పది నిమిషాల ఓపీలో తెలియదు. కూర్చోవాలి, వినాలి, మళ్లీ అడగాలి.

ఏం అడుగుతామంటే, ఎవరిని? ఎలా? ఎప్పుడని అనుకున్నావు? ఇంట్లో కొడవలి ఉందా, ఎక్కడుంది? ఇంతకుముందు ఎవరిమీదైనా చెయ్యి చేసుకున్నావా? తాగుతావా, తాగినప్పుడు ఈ ఆలోచన ఏమవుతుంది? ఆ మనిషి ఇంటివైపు ఈమధ్య వెళ్లావా? ఇవన్నీ అడిగితే ఆలోచన పెట్టినట్టవుతుందని కొందరు భయపడతారు. లేదండీ. అడిగేవాళ్లు లేకే అతను లోపల ఉడికిపోతున్నాడు. ఎక్కువసార్లు ఈ ప్రశ్నలకి జవాబులు చెబుతూ చెబుతూనే సగం ఆవిరి పోతుంది. నిజంగా ప్రమాదమున్న మనిషి జవాబులు మాత్రం మామూలుగా ఉండవు. వాటిలో తేదీ ఉంటుంది, దారి ఉంటుంది.

అప్పుడు కూడా మొదటి పని ఫోన్ కాదు. మొదటి పని ఆ మనిషితోనే చెప్పడం. “ఇది నా ఒక్కదాని దగ్గర పెట్టుకోలేను. ఎవరికి చెప్పాలో మనిద్దరం కలిసి చూద్దాం.” చాలామంది ఒప్పుకుంటారు. వాళ్లు వచ్చిందే తమని ఎవరైనా ఆపుతారేమో అని. అన్ననో, భార్యనో పిలిపిస్తాం. కొడవలి ఇంట్లోంచి తీయిస్తాం. రేపు రమ్మంటాం, ఎల్లుండి రమ్మంటాం. ఆస్పత్రిలో చేరమంటాం. ఒప్పుకోకపోతే, జబ్బు వల్ల ఇంకొకరికి ప్రమాదమని తేలితే, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 89వ సెక్షన్ కింద అతను నామినేట్ చేసుకున్న ప్రతినిధి దరఖాస్తుతో, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక, 30 రోజుల దాకా చేర్చుకోవచ్చు. పోలీసులు ఇలాంటి మనిషిని తీసుకెళ్లాల్సింది లాకప్పుకి కాదు, 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్య కేంద్రానికి. అదీ ఆ చట్టంలోనే ఉంది, 100వ సెక్షన్‌లో. ఇవేవీ కుదరకపోతే, అప్పుడు ప్రమాదంలో ఉన్న ఆ మనిషికి చెప్పాలి. పోలీసులకి చెప్పాలి. ఇద్దరికీ.

చెప్పినంత తేలిక కాదు. ఫోన్ ఎత్తిన మనిషికి ఏం చెబుతాం? ‘మీ మీద ఒకరికి కోపంగా ఉంది’ అంటే నవ్వుతారు. ‘మిమ్మల్ని చంపవచ్చు’ అంటే వాళ్ల అన్నదమ్ములు కర్రలు పట్టుకుని ఇతని ఇంటికి వస్తారు. మన ఊళ్లలో ఒక హెచ్చరిక రెండు వర్గాల కొట్లాటగా మారడానికి ఒక పూట చాలు. కాలిఫోర్నియా తీర్పులో ఈ సంగతి ఉండదు. ఇక్కడ పనిచేసేవాళ్ల తలలో మాత్రం ఉండి తీరాలి.

మన దగ్గర రహస్యం ఎక్కువగా కారిపోయే చోటు వేరే ఉంది. పోలీసుస్టేషన్ కాదు, మా గది బయటి బెంచీ. కుర్రాడు లోపలికి వస్తే వెనకాలే తల్లి, తండ్రి, బావగారు, ఆయన తెచ్చిన ఎల్ఐసీ ఏజెంటు మిత్రుడు, అందరూ వస్తారు. బయటికి పంపితే అలుగుతారు. ఆఖర్న తండ్రి ఒక్కడే మళ్లీ లోపలికి వచ్చి, “ఏమన్నాడమ్మా మావాడు? నాకు చెప్పకపోతే ఎట్లా, ఫీజు కట్టింది నేనే కదా” అంటాడు. ఆయన ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ అబ్బాయి ఏ అమ్మాయిని ప్రేమించాడో, ఏ పరీక్ష ఎగ్గొట్టాడో చెప్పాల్సిన అవసరం నాకు లేదు. విచిత్రమేమిటంటే, ఈ చిన్న సంగతులన్నీ చాలాచోట్ల ఇట్టే బయటికి పొక్కుతాయి. ప్రాణాల మీదికొచ్చే పెద్ద సంగతి దగ్గరికి వచ్చేసరికి, ‘మనకెందుకొచ్చిన గొడవ’ అని అందరూ నోరు మూసుకుంటారు. తలుపు తెరవాల్సిన చోట గడియ, గడియ వెయ్యాల్సిన చోట గుమ్మానికి పరదా కూడా ఉండదు.

మీలో ఎవరికైనా అలాంటి ఆలోచన వస్తూంటే, లేదా ఇంట్లో ఎవరో అన్న మాట మీకు నిద్రపట్టనివ్వకపోతే, టెలి మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది. 14416. తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. ఆ క్షణాన ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే మాత్రం 112.

మొదటిరోజు ప్రశ్న దగ్గరికి వస్తాను. “మేడమ్, ఇది మీ దగ్గరే ఉంటుంది కదా?” వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేను ‘ఉంటుంది, ఉంటుంది’ అనేదాన్ని. ఎదుటివాళ్లు తేలిగ్గా ఊపిరి తీసుకునేవాళ్లు, నాకూ బాగుండేది. అది పూర్తి నిజం కాదు. ఇప్పుడు ఒక నిమిషం ఎక్కువ తీసుకుని పూర్తిగా చెబుతాను. ఇంట్లోవాళ్లు అడిగినా చెప్పను. ఆఫీసువాళ్లు అడిగినా చెప్పను. నువ్వు నిన్ను గానీ, ఇంకొకరిని గానీ ప్రాణాపాయంలో పెడుతున్నావని నాకు గట్టిగా అనిపిస్తే మాత్రం, ముందు నీకు చెప్పి, తర్వాత చెప్పాల్సినంతే చెబుతాను. పిల్లల మీద లైంగిక నేరం సంగతయితే పోక్సో చట్టం నన్ను ఊరుకోనివ్వదు, అదీ ముందే తెలుసుకో.

ఇది విని లేచి వెళ్లిపోతారేమోనని మొదట్లో భయపడేదాన్ని. ఒకరిద్దరు వెళ్లారు కూడా. మిగతావాళ్లు ఒక్క క్షణం నావైపు చూస్తారు. సంచీ ఒళ్లోంచి తీసి కింద పెడతారు. “సరే మేడమ్, ఎక్కడ మొదలుపెట్టమంటారు?” అంటారు.